కటకమునకు అంత వెల ఏల?

కెమేరా కొనబోవు వానికి దుకాణములో మొదట ఆశ్చర్యము కలిగించునది కెమేరా పెట్టె కాదు. దాని ముందు బిగించు కటకము. ఒకే సంస్థ ఒకే నాభ్యంతరము గల రెండు కటకములను ప్రక్కప్రక్కన పెట్టి అమ్ముచుండును. రెండింటి నాభ్యంతరము 50 మిల్లీమీటర్లే. రెండును ఒకే దృశ్యమును ఒకే పరిమాణములో చూపును. కాని ఒకదాని వెల రెండవదాని వెలకు పది రెట్ల పైమాట. వాటి మీద చెక్కిన అంకెలను చూచినచో చౌక కటకముపై 1.8 అనియు, ప్రియమైన దానిపై 1.2 అనియు ఉండును. ఆ కాస్త తేడాకు అంత సొమ్ము చెల్లించుట వివేకమా, వెర్రియా? ఈ ప్రశ్న నేటిది కాదు. ఛాయాగ్రహణముతో పాటే పుట్టి, దానితో పాటే పెరిగినది.

ఆ అంకెల అర్థమును ఉన్నత పాఠశాల విద్యార్థి సులభముగా గ్రహింపగలడు. కటకము యొక్క నాభ్యంతరమును దాని కాంతిద్వారపు వ్యాసముతో భాగింపగా వచ్చునదే ఆ అంకె. దీనిని ఎఫ్ సంఖ్య అందురు. సంఖ్య చిన్నదైన కొలది ద్వారము పెద్దది. 50 మి.మీ. కటకమునకు ఎఫ్ సంఖ్య 1.8 అయినచో ద్వారపు వ్యాసము సుమారు 28 మి.మీ.; 1.2 అయినచో సుమారు 42 మి.మీ. లోనికి వచ్చు కాంతి ద్వారపు వైశాల్యమును బట్టి, అనగా వ్యాసము యొక్క వర్గమును బట్టి యుండును. 1.8ని 1.2తో భాగించి వర్గము కట్టినచో 2.25 వచ్చును. చెల్లించునది పదింతలు, లభించు వెలుతురు రెండుంబావు రెట్లు! సంతకు పోవు ఇల్లాలు ఈ లెక్క విన్నచో బేరము మాని వెనుదిరుగును.

అయితే కటకము విషయములో తూకమునకు తగిన వెల అను న్యాయము పనికిరాదు. దీనిని తరగతి గదిలోనే చూడవచ్చును. పెద్ద భూతద్దము నొకదానిని తీసికొని, కిటికీకి ఎదురుగా నున్న గోడకు దగ్గరగా పట్టి, కిటికీ ప్రతిబింబము గోడపై పడునట్లు సరిచేయవలెను. బింబము తలక్రిందులుగా, ప్రకాశవంతముగా పడును. నడుమనున్న కిటికీ కమ్మి స్పష్టముగా నుండగా అంచులలోనివి చెదరియుండును. నిశితముగా చూచినచో వాటికి రంగుల గీతలు కూడ కనిపించును. ఇప్పుడు నల్లని అట్టలో పావలా కాసంత రంధ్రము చేసి భూతద్దమునకు అడ్డముగా పెట్టవలెను. బింబము మసకబారును, కాని తేటపడును. అట్ట తీసినచో వెలుతురు వచ్చును, స్పష్టత పోవును. అట్ట పెట్టినచో స్పష్టత వచ్చును, వెలుతురు పోవును. ఛాయాగ్రహణ కటకముల చరిత్ర యంతయు ఈ అట్టముక్కను తీసివేయుటకు మానవుడు చేసిన ప్రయత్నమే.

గోళాకారపు తలము గల గాజు, తన మీద పడిన కిరణములన్నింటిని ఒకే బిందువునకు చేర్చలేదు. అంచుల గుండా పోవు కిరణములు దగ్గరగాను, నడుమ పోవునవి దూరముగాను కలిసికొనును. దీని వలన కలుగు మసక ద్వారపు వ్యాసము యొక్క ఘనమును బట్టి పెరుగును. ద్వారము ఒకటిన్నర రెట్లు పెద్దదైనచో ఈ దోషము దాదాపు మూడున్నర రెట్లగును. రంగులు వేర్వేరు చోట్ల కలిసికొనుట మరియొక దోషము. బింబము సమతలముగా పడక గిన్నెవలె వంగుట ఇంకొకటి. ఇట్టివి మరి కొన్ని కలవు. 1856 ప్రాంతమున జర్మను గణితజ్ఞుడు సైడెల్ వీటిని వర్గీకరించి సూత్రములు కట్టెను. పెద్ద ద్వారమును తెరచుటనగా ఈ దోషములన్నింటితో ఒక్కసారిగా పోరాడుటయే.

ఈ పోరాటమున తొలి విజయము వియన్నాలో లభించినది. 1839 ఆగస్టులో పారిస్ నగరమున డాగ్యెర్ పద్ధతి లోకమునకు వెల్లడి అయినప్పుడు, ఆ కెమేరాలలో షెవాలియే అను పారిస్ నిపుణుడు చేసిన కటకము నుండెడిది. దాని అంచులలోని దోషములకు వెరచి ద్వారమును ఎఫ్ 15 ప్రాంతమునకు కుదించిరి. ఎండలో సైతము చిత్రము పడుటకు పావుగంట, ఒక్కొక్కప్పుడు అరగంట పట్టెడిది. కట్టడములకు, విగ్రహములకు ఇబ్బంది లేదు. మనుష్యులు అంతసేపు రెప్పవేయక కూర్చుందురా? అప్పుడు పారిస్‌లో నున్న ఆస్ట్రియా భౌతిక శాస్త్రజ్ఞుడు ఎట్టింగ్స్‌హౌసెన్ ఈ వింతను చూచి, వియన్నా విశ్వవిద్యాలయములో గణితాచార్యుడైన తన స్నేహితుడు యోసెఫ్ పెట్స్‌వాల్‌కు తెలిపెను.

పెట్స్‌వాల్ అప్పటికి ముప్పది రెండేండ్ల వాడు. గాజును సానపట్టి, చూచి, మరల సానపట్టుటయే అంతవరకు కటకములు చేయువారి పద్ధతి. ఆయన గాజును ముట్టక ముందే కిరణముల బాటను కాగితముపై లెక్కింప దలచెను. ఒక్కొక్క కిరణమునకు ఒక్కొక్క తలమునొద్ద సంవర్గమానములతో గుణింతములు చేయవలెను. ఒక మనిషికి సాధ్యమగు పని కాదు. ఆస్ట్రియా ఫిరంగి దళముల అధిపతిగా నున్న ఆర్చిడ్యూక్ లుడ్విగ్, లెక్కలలో ఆరితేరిన తన సైనికులను కొందరిని ఆయనకు అప్పగించెను. గుండు ఎచ్చట పడునో లెక్కించువారు కిరణము ఎచ్చట పడునో లెక్కించిరి. 1840లో నాలుగు గాజుముక్కల కటకము సిద్ధమైనది. దాని ఎఫ్ సంఖ్య 3.6. పదిహేనును 3.6తో భాగించి వర్గము కట్టి చూడుడు: పదిహేడు రెట్ల వెలుతురు! అదే కాలమున డాగ్యెర్ పలకలను బ్రోమిను ఆవిరితో మరింత చురుకుగా చేయు పద్ధతియు వచ్చుటచే, రెండును కలిసి చిత్రము పట్టు కాలమును నిమిషము లోపునకు దింపినవి. మనుష్యుల ముఖచిత్రము తీయుట ఒక వృత్తిగా మారినది.

ఇచ్చటనే మన ప్రశ్నకు మొదటి సమాధానము దొరకుచున్నది. పెట్స్‌వాల్ కటకమునకు ఒక లోపము కలదు. దాని బింబము నడుమ మిక్కిలి స్పష్టముగాను, అంచులలో వంగి చెదరియు నుండెడిది. ఈ వంపునకు కారణమైన నియమమును ఆయనయే 1843లో ప్రకటించెను. అది నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. ముఖచిత్రము తీయువానికి ఈ లోపము అడ్డు కాలేదు. ముఖము పటము నడుమనే కదా యుండునది! చుట్టును మసకయైన ముఖము మరింత వెలిగెను. కాని కొండలను, కోటలను చిత్రించువానికి నాలుగు మూలలును స్పష్టముగా నుండవలెను; కొండ కదలదు కనుక అతనికి తొందర లేదు. అతడు రెండు ముక్కల చౌక కటకమునకు చిన్న ద్వారము పెట్టి హాయిగా పని చేసికొనెను. ఒకే కటకము ఒకనికి బంగారము, మరియొకనికి బరువు.

ఇంతటి పని చేసిన పెట్స్‌వాల్‌కు దక్కినదేమి? దానిని తయారుచేసిన ఫోక్ట్‌లెండర్ అను వ్యాపారి ఆయనకు ఒక్కసారిగా 2,000 గుల్డెనులు ఇచ్చి సరిపెట్టెను. కటకములు వేలకొలది అమ్ముడుపోయినవి. 1845 నాటికి ఇద్దరికిని చెడెను. ఫోక్ట్‌లెండర్ 1849లో ఆస్ట్రియా వెలుపలనున్న బ్రౌన్‌ష్వైగ్ పట్టణమునకు పోయి అచ్చట వ్యాపారము సాగించెను. 1859లో పెట్స్‌వాల్ ఇంట దొంగలు పడి వ్రాతప్రతులను నాశనము చేసిరి. తరువాత ఆయన ఆ శాస్త్రమునే విడిచిపెట్టెను. కొన్నవారు చెల్లించిన సొమ్ము, లెక్క కట్టిన మేధకు చేరలేదని గ్రహించుటకు ఈ సంగతి చాలును.

పెట్స్‌వాల్ తరువాత నలుబది ఏండ్ల పాటు దోషములను మరింత తగ్గింపలేక పోవుటకు కారణము గణితము కాదు, గాజు. అప్పుడు దొరకు గాజు రకములు కొన్నియే. 1884లో జర్మనీలోని యేనా పట్టణమున ఒట్టో షోట్, ఎర్న్‌స్ట్ అబ్బె, జైస్ సంస్థ వారితో కలిసి గాజు కర్మాగారము స్థాపించి, బేరియము మున్నగు మూలకములను చేర్చి క్రొత్త గాజులను కరగించెను. వాటితో బింబపు వంపును సరిదిద్దుట సాధ్యమైనది. జైస్ సంస్థలోని పౌల్ రుడాల్ఫ్ ఆ గాజుతో 1896లో ఒక అద్భుతమైన కటకమును రచించెను. దాని పేరు ప్లానార్. ఆరు గాజు ముక్కలు, ద్వారమునకు ఇరుప్రక్కల దాదాపు ఒకే తీరున అమర్చబడినవి. కాగితము మీద దానికి సాటి లేదు. దోషములన్నియు ఒకదానితో నొకటి కొట్టివేయబడినవి. వెల సహజముగానే ఎక్కువ.

కాని ప్లానార్ బజారులో నిలువలేదు. దీనికి కారణము చిత్రమైనది. గాజును కాంతి దాటిన ప్రతిసారి నూటికి నాలుగైదు పాళ్లు వెనుకకు పరావర్తనము చెందును. ఆరు ముక్కలలో కొన్నింటిని అంటించినను ప్లానార్‌లో గాలికి తగులు తలములు ఎనిమిది మిగిలినవి. ఒక్కొక్క తలము నూటికి ఐదు పాళ్లు మింగినచో, ఎనిమిది దాటినప్పటికి నూటికి 66 పాళ్ల కాంతియే మిగులును. అది పోయినందుకు అంత విచారము లేదు. పోవలసిన చోటికి పోకుండుటయే కష్టము. ఒక తలము నుండి వెనుదిరిగిన కాంతి మరియొక తలము తగిలి మరల ముందుకు వచ్చి ఫిల్ముపై పడును. ఎనిమిది తలములను రెండేసి చొప్పున జత కట్టినచో 28 జతలగును. అనగా 28 దారులలో దొంగ కాంతి లోనికి చొచ్చుచున్నదన్న మాట. చిత్రముపై పలుచని పొగమంచు పరచినట్లై నలుపు బూడిద రంగుగా మారును. లోపములేని కటకము నుండి వెలవెలబోయిన చిత్రము!

అదే రుడాల్ఫ్ 1902లో మరియొక కటకమును రచించెను. నాలుగే ముక్కలు, ఆరే తలములు, 15 జతలు. దాని పేరు టెస్సార్. మొదట దాని ఎఫ్ సంఖ్య 6.3 మాత్రమే. వెలుతురులో ప్లానార్‌కు చాల దిగుడు. దోషముల దిద్దుబాటు కూడ అంత సంపూర్ణము కాదు. అయినను దాని చిత్రములు తేటగా, నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా వచ్చెను. తయారీ సులభము. క్రమముగా దాని ద్వారమును 4.5కు, 3.5కు, తుదకు 2.8కు పెంచిరి. 1925లో వెలువడిన లైకా కెమేరాలోని ఎల్మార్ కటకము కూడ ఈ కోవకు చెందినదే. ఇరువదవ శతాబ్దపు తొలి సగములో లోకము చూచిన ఛాయాచిత్రములలో ఎన్నియో ఈ నాలుగు ముక్కల గుండా వచ్చినవే. ఒకే మనిషి చేతి నుండి వచ్చిన రెండింటిలో ప్రియమైనది మూలబడెను, చౌకది లోకము నేలెను. 1900లో ప్లానార్ కొన్న వాడు మోసపోయెనా? మోసము చేసినవారెవరును లేరు. కటకము సరియైనదే; దానికి కావలసిన మరియొక విద్య ఇంకను పుట్టలేదు.

ఆ విద్య పుట్టుకకు బీజము పాత కటకముల మీది మచ్చలలో దొరకినది. ఇంగ్లండులోని యార్క్ నగరమున కుక్ సంస్థలో పని చేయుచుండిన హెరాల్డ్ డెన్నిస్ టేలర్, 1892 ప్రాంతమున ఒక వింత గమనించెను. ఏండ్ల తరబడి గాలి సోకి, పైన నీలపు ఛాయ పట్టిన దూరదర్శినీ కటకముల గుండా, క్రొత్త వాటి గుండా కంటె ఎక్కువ కాంతి వచ్చుచుండెను. మాసినదని యజమాని దిగులుపడు గాజే మేలైనది! ఆయన రసాయనములతో గాజును కావాలని మాయించి చూచెను, 1904లో ఆ పద్ధతికి హక్కు పొందెను. కాని ఒక్కొక్క గాజు ఒక్కొక్క తీరున మాయుటచే అది నమ్మదగిన పరిశ్రమ కాలేదు. 1935లో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకూలా శూన్యములో ఒక లవణమును ఆవిరి చేసి గాజుపై సమమైన పొరగా పట్టించు పద్ధతిని కనిపెట్టెను. ఆ పొర మందము మిల్లీమీటరులో పదివేలవ వంతు. పొర పైతలము నుండి, క్రిందితలము నుండి మరలు తరంగములు ఒకదాని నొకటి అణచివేయును. నీటిపై తేలు నూనె చుక్క రంగులకు కారణమైన వ్యతికరణమే ఇచ్చట పనికి వచ్చినది. ఒక్కొక్క తలము వద్ద నష్టము నూటికి ఒకటి ఒకటిన్నరకు తగ్గినది. ఎనిమిది తలములు దాటినను 88 పాళ్లు నిలుచును. యుద్ధకాలమున దీనిని రహస్యముగా నుంచి, తరువాత కెమేరాలకు విరివిగా వాడిరి. అర్ధశతాబ్దము మూలబడిన ప్లానార్ పద్ధతి లేచి కూర్చున్నది. నేడు ఎఫ్ 1.8, 1.4 అని చెక్కియున్న 50 మి.మీ. కటకములలో పెక్కు ఆ వంశపువే. ఒకనాడు కొనలేని వెల పలికిన అమరికయే నేడు చౌక రకమైనది!

పూత రాకముందు పెద్ద ద్వారము కావలసిన వారేమి చేసిరి? తలములను తగ్గించిరి. డ్రెస్డెన్‌లోని ఎర్నెమాన్ సంస్థలో లుడ్విగ్ బెర్టెలె అను యువకుడు 1924 ప్రాంతమున ఎఫ్ 2 కటకమును, త్వరలోనే ఎఫ్ 1.8 కటకమును రచించెను. ఎర్మనాక్స్ అను చిన్న కెమేరాకు దానిని బిగించిరి. 100 మి.మీ. నాభ్యంతరమునకు ద్వారము 50 మి.మీ.; కెమేరా కంటె కటకమే కంటికి ముందు ఆనెడిది. న్యాయశాస్త్రము చదివిన ఎరిక్ సాలమన్ ఈ కెమేరాను చేతబట్టి, అంతవరకు ఛాయాగ్రాహకునకు ప్రవేశము లేని చోట్లకు పోయెను. 1928లో ఒక హత్య కేసు విచారణను టోపీలో దాచిన కెమేరాతో పట్టెను. 1930లో హేగ్ నగరపు సమావేశమున అర్ధరాత్రి దాటిన పిదప సోఫాలలో సొమ్మసిల్లిన మంత్రులను చిత్రించెను. గదిలోని మామూలు దీపముల వెలుతురే ఆధారము. ఎఫ్ 2తో అర సెకండు చాలిన చోట, ఎఫ్ 4.5 టెస్సార్‌తో ఐదు రెట్లు, అనగా రెండున్నర సెకండ్లు పట్టును. మాటలాడు మనిషి అర సెకండు కదలకుండ దొరకవచ్చును. రెండున్నర సెకండ్లు దొరకడు. మెగ్నీషియము పొడి మండించినచో పొగతో పాటు ఛాయాగ్రాహకుడును బయటికి నెట్టబడును. అతనికి ఆ ఐదు రెట్ల వెలుతురు ఐదు రెట్ల లాభము కాదు. చిత్రము ఉండుటకును లేకుండుటకును గల తేడా. (యూదుడైన సాలమన్‌ను నాజీలు 1944లో ఆష్విట్జ్ శిబిరమున చంపిరి. ఆయన చిత్రములు మిగిలినవి.)

బెర్టెలె 1932లో జైస్ వారి కాంటాక్స్ కెమేరాకు సోనార్ అను కటకమును ఎఫ్ 1.5 వరకు రచించెను. ఏడు ముక్కలను మూడు గుంపులుగా అంటించుటచే గాలి తగులు తలములు ఆరే. యుద్ధానంతరము ఆ పద్ధతినే అనుసరించి టోక్యోలోని నిప్పాన్ కొగాకు సంస్థ నిక్కార్ కటకములను చేసెను. అప్పటి పాశ్చాత్యులకు జపాను సరుకన్న చిన్నచూపు. 1950 వేసవిలో అమెరికాకు చెందిన లైఫ్ పత్రిక ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నుండగా, జున్ మికి అను జపాను ఛాయాగ్రాహకుడు 85 మి.మీ. ఎఫ్ 2 నిక్కార్‌తో ఆయన ముఖచిత్రము తీసి, పెద్దది చేసి చూపెను. డంకన్ దాని స్పష్టతకు విస్తుపోయెను. కాని ఒక్క చిత్రమును నమ్మలేదు. కర్మాగారమునకే పోయి, తాను తెచ్చిన జర్మను కటకములను, నిక్కార్‌లను ఒకే పరీక్షాయంత్రమున పెట్టించి, తెరపై పడిన గీతలను పోల్చి చూచెను. వెంటనే తన కెమేరాలకు నిక్కార్‌లు తగిలించుకొనెను. కొద్ది రోజులలో కొరియా యుద్ధము ప్రారంభమై ఆ కటకములతోనే రణరంగమునకు పోయెను. ఆ యేడు డిసెంబరు 10న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ సంగతిని ప్రకటించెను. కటకము అంచున చెక్కిన పేరును కాక తెర మీద పడిన గీతను చూచి తేల్చుకొనుట ఆయన చేసిన మేలు.

ఈ పరీక్షను తక్కువ ఖర్చుతో ఎవరైనను చేయవచ్చును. సన్నని అక్షరముల వార్తాపత్రికను గోడకు అతికించి, కెమేరాను ముక్కాలిపై నిలిపి, ఒకసారి ద్వారము పూర్తిగా తెరచి, ఒకసారి ఎఫ్ 8కి కుదించి, చౌక కటకముతోను ప్రియమైన దానితోను చిత్రములు తీయవలెను. తెరచిన ద్వారముతో తీసిన వాటి మూలలలో తేడా కొట్టవచ్చినట్లు కనిపించును. ఎఫ్ 8తో తీసిన వాటిలో ఏది దేనిదో చెప్పుట కష్టము. దీనికి కారణము కలదు. చిన్న ద్వారములో కటకపు దోషములు అణగిపోగా, కాంతి తరంగముల వివర్తనము ముందుకు వచ్చును. ఎఫ్ 8 వద్ద ఒక బిందువు యొక్క ప్రతిబింబము 0.011 మి.మీ. వ్యాసము గల చుక్కగా పరచుకొనును. ఇది ప్రకృతి విధించిన హద్దు. కటకపు వెల వెయ్యి రూపాయలైనను లక్ష రూపాయలైనను ఆ చుక్క చిన్నది కాదు. కావున ఎండలో ఎఫ్ 8 పెట్టి చిత్రములు తీయువాడు ప్రియమైన కటకము కొనుట, ఏనుగును కొని ఎరువు మోయించుట వంటిది. అతడు చెల్లించిన సొమ్మంతయు తెరచిన ద్వారములో దాగియున్నది; అతడు దానిని ఎన్నడును తెరువడు.

తెరచువానికిని ఒక చిక్కు కలదు. ద్వారము పెరిగిన కొలది స్పష్టముగా కనిపించు లోతు తగ్గును. 50 మి.మీ. కటకముతో ఒక మీటరు దూరమున నున్న మనిషిని ఎఫ్ 2 వద్ద చిత్రించినచో సుమారు 5 సెంటీమీటర్ల లోతు స్పష్టముగా వచ్చును. ఎఫ్ 1 వద్ద అది 2.4 సెంటీమీటర్లు. కంటిపై నిలిపినచో చెవి కరగిపోవును. కొందరికి ఇది దోషము, కొందరు ఇందుకొరకే కొందురు. ఇరువదియొకటవ శతాబ్దమున ఫిల్ము స్థానమున వచ్చిన ఎలెక్ట్రానిక్ ఫలకములు చీకటిలో సైతము పని చేయునంత చురుకైనవి. రెండుంబావు రెట్ల వెలుతురును మీట త్రిప్పి సంపాదింపవచ్చును. సాలమన్‌కు ప్రాణప్రదమైన కారణము ఈ కాలపు కొనుగోలుదారునకు చాలవరకు తొలగిపోయినది. పలుచని లోతు, తెరచిన ద్వారములో మూలల స్పష్టత, ఈ రెండే మిగిలినవి.

చివరి మెట్లలో వెల ఎట్లు ఎగబ్రాకునో లైట్స్ సంస్థ వారి నాక్టిలక్స్ చూపును. 1966లో వారు ప్రదర్శించిన ఎఫ్ 1.2 కటకములో రెండు తలములు గోళాకారము కానివి. గోళము రెండు తలములను ఒకదానిపై నొకటి రుద్దినచో తనంతట తాను ఏర్పడు ఆకారము; గోళము కానిది అట్లు ఏర్పడదు. దానిని నైపుణ్యము గల చేతితో సానపట్టవలెను. చెడిపోయి పారవేయబడినవి ఎక్కువ. పదేండ్ల లోపుగనే దానిని విరమించిరి. దాని స్థానమున కెనడాలోని వారి శాఖలో వాల్టర్ మాండ్లర్ ఎఫ్ 1 కటకమును రచించెను. వింత యేమనగా, అందు గోళాకారము కాని తలము ఒక్కటియు లేదు. వక్రీభవన గుణకము 1.9 గల క్రొత్త గాజును వాడి, మామూలు గోళములతోనే అంతకంటె పెద్ద ద్వారమును సాధించెను. గాజు ప్రియమైనదే, చేతిపని తగ్గినది. ఆ కటకము ముప్పది ఏండ్లకు పైగా తయారైనది. అటు తరువాత 1980వ దశకమున వేడి గాజును అచ్చులలో నొక్కి గోళాకారము కాని తలములను చేయు యంత్రములు వచ్చి, ఒకనాడు నిపుణుని చేతిలో నున్న పనిని సామాన్య కటకములలోనికి దింపినవి.

నాభ్యంతరము మారని ఈ కటకములను వ్యాపారులు ప్రైమ్ లెన్సులందురు. 1959 వరకు మామూలు ఛాయాగ్రాహకునకు వేరు రకము లేదు. ఆ యేడు ఫోక్ట్‌లెండర్ సంస్థ 36 నుండి 82 మి.మీ. వరకు నాభ్యంతరము మార్చుకొనదగు జూమ్ కటకమును తెచ్చెను. పదునాలుగు ముక్కలు, ఎఫ్ 2.8. అప్పటి నుండి సౌకర్యము జూమ్ వైపునకు, పెద్ద ద్వారము ప్రైమ్ వైపునకు చేరినవి. ఈ రెండింటిని ఒకే పనిలో పక్కపక్కన నిలిపి చూపినది ఒక చలనచిత్రము.

జైస్ సంస్థ 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొరకు 50 మి.మీ. ఎఫ్ 0.7 ప్లానార్ కటకములను చేసెను. పుట్టినవి పదియే. అందు ఆరు నాసాకు పోగా, మూడింటిని చలనచిత్ర దర్శకుడు స్టాన్లీ క్యూబ్రిక్ కొనెను. ఆయన 1975లో విడుదలైన బారీ లిండన్ చిత్రములో పదునెనిమిదవ శతాబ్దపు గదులను కొవ్వొత్తుల వెలుతురున మాత్రమే చూపదలచెను. కటకపు వెనుక భాగము ఫిల్మునకు ఎంత దగ్గరగా నుండవలసి వచ్చెననగా, ఏ సినిమా కెమేరాకును అది పట్టలేదు. ఎడ్ డిజూలియో అను యంత్ర నిపుణుడు ఒక కెమేరాను కోసి, మలచి, దానిని అమర్చెను. అటు తరువాత ఆ కెమేరాకు వేరు కటకము పట్టలేదు. మూడేసి వత్తులు గల కొవ్వొత్తులు వెలిగించిరి. స్పష్టమైన లోతు ఎంత తక్కువయనగా, నటులు ముందుకు వెనుకకు కదలరాదు. వారి దూరమును కనిపెట్టుటకు ప్రక్క నుండి ఒక టెలివిజన్ కెమేరాను పెట్టిరి. ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్కాట్‌కు ఆ యేటి ఆస్కార్ బహుమతి లభించినది.

ఆ చిత్రములోనే పగటి వేళ మైదానములను, తోటలను చూపు పెక్కు దృశ్యములను వేరు కటకముతో తీసిరి. డిజూలియో అమర్చిన ఆ జూమ్ కటకము 24 నుండి 480 మి.మీ. వరకు మారును. దాని ద్వారపు సంఖ్య 9. కొవ్వొత్తుల గదిలో వాడిన దానితో పోల్చినచో అది ఇచ్చు వెలుతురు 160 వంతులలో ఒక వంతు. క్యూబ్రిక్ రెండింటికిని సొమ్ము చెల్లించెను.